బస్కీల లెక్క: ఎంత పెంచాలి, ఎప్పుడు ఆగాలి

ఒడిశాలోని బరంపురం రామలింగం చెరువు పార్కులో తెల్లారకముందే జనం కనిపిస్తారు. అదే జట్టు, అవే కబుర్లు, అవే చుట్లు. ఏళ్ళ తరబడి ఒక్కరోజూ మానకుండా నడిచేవాళ్ళున్నారు. మంచి అలవాటే, వంక పెట్టడానికేం లేదు. కానీ వాళ్ళలో చాలామందిది ఒకటే ప్రశ్న: "ఇన్నేళ్ళుగా నడుస్తున్నా రెండో అంతస్తు ఎక్కేసరికి ఆయాసం ఎందుకొస్తోంది?" ఇంకోపక్క కొత్త సంవత్సరానికో, దసరా వెళ్ళాకో జిమ్ములో చేరి, మొదటి వారంలోనే ఒళ్ళు హూనం చేసుకుని, మూడో వారానికి ముఖం చాటేసే కుర్రాళ్ళు. పైకి ఈ రెండు జట్లకీ పోలికే లేదు. లోపల తప్పు మాత్రం ఒక్కటే. పెద్దవాళ్ళు మోతాదు ఎప్పుడూ పెంచరు, కుర్రాళ్ళు ఒక్కసారే పెంచేస్తారు.

ఒళ్ళు మహా పిసినారిది. కండని పోషించడం దానికి ఖర్చు. అవసరం లేదనిపిస్తే ఉన్న కండనే కరిగించేస్తుంది, కొత్తది ఎందుకు కడుతుంది? ఇవాళ ఉన్న శక్తికి కాస్త మించిన పని పడితేనే "ఓహో, ఇది మళ్ళీ రావచ్చు" అని ఆ పనికి తగ్గట్టు తయారవుతుంది. అలా తయారయ్యాక అదే పని దానికి మామూలైపోతుంది. పార్కులో మూడో నెల నుంచి జరుగుతున్నది అదే. ఉన్నది నిలబడుతుంది, కొత్తగా ఏమీ చేరదు. ఉన్నది నిలబడటమూ చిన్న విషయం కాదు. పెరగలేదని బాధపడేవాళ్ళకి కారణం మాత్రం అది.

సంగిడి నుంచి 321 కిలోల దాకా

మనవైపు పల్లెల్లో సంక్రాంతికి సంగిడి రాయి ఎత్తే పోటీలు తెలియనివాళ్ళుండరు. సంగిడి ఎత్తేవాడు మొదటిరోజే పెద్ద రాయి జోలికి పోడు. చిన్నది సునాయాసంగా భుజానికొచ్చాకే దాని పక్కదాన్ని ముట్టుకుంటాడు. వీరఘట్టంలో పుట్టి, చివరి రోజులు ఒడిశాలోని బలంగీర్‌లో గడిపి 1942లో అక్కడే కన్నుమూసిన కోడి రామమూర్తి గురించి చెప్పుకునేటప్పుడు గుండె మీద ఏనుగుని ఎక్కించుకున్న సంగతే చెబుతాం. దాని వెనకున్న ఏళ్ళ కసరత్తు ఎవరికీ గుర్తురాదు. మన బరంపురం వాడే వెయిట్‌లిఫ్టర్ కాటులు రవికుమార్, 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో స్నాచ్‌లో 146, క్లీన్ అండ్ జెర్క్‌లో 175, మొత్తం 321 కిలోలు ఎత్తి స్వర్ణం తెచ్చాడు. ఆ స్థాయిలో ఒకటి రెండు కిలోలు పెంచడానికి నెలలు పడుతుంది. మొదటి నెలలో మనకి వారానికే రెండు కిలోలు పెరుగుతాయి. కొత్తవాడికున్న సుఖం అది.

ఆ మొదటి ఆరేడు వారాల్లో పెరిగే బలంలో ఎక్కువ వంతు కండ పెరగడం వల్ల వచ్చింది కాదు. ఉన్న కండల్నే నరాలు ఒద్దికగా, ఒక్కసారిగా పనిచేయించడం నేర్చుకుంటాయి. అందుకే అద్దంలో ఏ మార్పూ కనబడకుండానే బరువులు పెరుగుతాయి. "నెలైంది, చెయ్యి లావెక్కలేదు" అని మానేసేవాళ్ళు సరిగ్గా కండ మొదలయ్యే వేళకి వెళ్ళిపోతున్నారన్నమాట. ఇంకో సంగతి: కండ కంటే దాన్ని ఎముకకి కట్టే స్నాయువు చాలా నెమ్మదిగా గట్టిపడుతుంది. దానికి రక్తప్రసారం తక్కువ. కండ "ఇంకా ఎత్తు" అంటున్నప్పుడు మోచెయ్యి, మోకాలి చిప్ప కింది భాగం, మడమ వెనక స్నాయువు "వద్దు" అంటాయి. రెండో మూడో నెలల్లో వచ్చే దెబ్బల్లో చాలావాటికి మూలం ఈ తేడాయే.

మరి ఎంత పెంచాలి? శిక్షకులు వాడే తేలికైన సూత్రం ఒకటుంది. 8 నుంచి 12 సార్లు చేయగలిగిన బరువుతో మొదలెట్టండి. పన్నెండు దాటి ఇంకో రెండుసార్లు చేయగలిగారా? ఆ రోజే పెంచకండి. తర్వాత కసరత్తు చేసే రోజునా అలాగే చేయగలిగితే అప్పుడు పెంచండి. చేతులకైతే 2 నుంచి 5 శాతం, కాళ్ళకి 5 నుంచి 10 శాతం. పెంచాక మళ్ళీ 8కి దిగిపోతారు, అది ఓడిపోవడం కాదు. ఏ సెట్టులోనూ (ఆగకుండా వరసగా చేసే ఒక దఫా) ప్రాణం పోయేదాకా లాగక్కర్లేదు. ఇంకో రెండు చేయగలను అనిపించినచోట ఆపితే చాలు. మొదటి రెండు నెలలూ ఈ "రెండు మిగుల్చుకోవడం" చాలా అవసరం. ఎందుకంటే ఆఖరి రెండింట్లోనే నడుం వంకరపోతుంది, మోకాలు లోపలికి తిరుగుతుంది.

దీనికంతటికీ కావలసిన పరికరం ఒక నోటుబుక్కు. తేదీ, పని, బరువు, ఎన్నిసార్లు, ఎన్ని సెట్లు, రాత్రి ఎంతసేపు నిద్ర. ఇంతే. రాయనివాడికి తను పెంచాడో లేదో తెలియదు. పోయినవారం ఎంత చేశావని అడిగితే "బాగానే చేశా" అనేవాడి బుక్కు ఖాళీ అని చెప్పడానికి జోస్యం అక్కర్లేదు.

నొప్పి ఎప్పుడు మంచిది, ఎప్పుడు కాదు

కసరత్తు చేస్తున్నప్పుడు ఒళ్ళు పెరగదు, తరుగుతుంది. పెరిగేది తర్వాత, తిని పడుకున్నాక. అదే కండకి మళ్ళీ గట్టి పని పెట్టడానికి మధ్యలో కనీసం 48 గంటలు వదలాలి. ఏడు గంటలకి తక్కువ నిద్రపోయి, రోజూ జిమ్ముకెళ్ళి, పొడి డబ్బాలు కొనడం కంటే ఆ డబ్బుతో దోమతెర కొనుక్కుని హాయిగా పడుకోవడం మేలు.

కొత్త పని చేసిన మర్నాడు, ఆ పై రోజు కండలు పట్టేయడం మామూలే. 24 నుంచి 72 గంటల మధ్య అది ముదిరి తగ్గుతుంది. "లాక్టిక్ యాసిడ్ పేరుకుంది" అనేది పాత మాట. పని ఆపిన గంటలోపే అది రక్తంలోంచి దాదాపు పోతుంది. అసలు కారణం కండ సాగుతూ బరువు మోయడం వల్ల దాని పోగుల్లో పడే సన్నటి చిరుగులు. అందుకే మహేంద్రగిరి ఎక్కినరోజు కంటే దిగిన మర్నాడు తొడలు ఎక్కువ నొప్పెడతాయి. ఎక్కేటప్పుడు తొడ కండ కుదించుకుంటూ పనిచేస్తుంది, దిగేటప్పుడు సాగుతూ బ్రేకు వేస్తుంది. 1,501 మీటర్ల కొండ దిగడమంటే కొన్నివేల బ్రేకులు. ఈ నొప్పి వస్తే పూర్తిగా పడుకోకుండా నెమ్మదిగా నడవండి, తొందరగా పోతుంది. నొప్పి లేకపోతే కసరత్తు దండగ అనుకోవడమూ పొరపాటే. అలవాటైన ఒళ్ళు నొప్పి లేకుండానే పెరుగుతుంది.

ఒక్క రకం నొప్పి మాత్రం ఆషామాషీ కాదు. పందెం కట్టి మొదటిరోజే రెండు మూడు వందల బస్కీలు తీసే కుర్రాళ్ళుంటారు. మర్నాటికి తొడలు రాయిలా వాచి, మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తే అది మామూలు పట్టేయడం కాదు. విరిగిన కండలోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలని పాడుచేస్తోందన్నమాట. ఇంట్లో ఆముదం రాస్తూ కూర్చోకుండా అదే పూట ఆసుపత్రికి వెళ్ళాలి. ఎండలో, నీళ్ళు తాగకుండా చేస్తే ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

అలాగే కీలులో గుచ్చినట్టు నొప్పి, ఒకే పక్క నొప్పి, చేస్తున్నకొద్దీ పెరిగే నొప్పి: ఈ మూడింటికీ "ఓర్చుకో" అనే మందు పనికిరాదు. ఆ రోజుకి ఆ పని ఆపేసి వేరేది చేసుకోవాలి.

గోపాల్‌పూర్ ఇసకలో పరుగు, మైదానంలో పరీక్ష

ఒళ్ళు ఏ పని చేయిస్తే ఆ పనికే తయారవుతుంది. చెప్పడానికి చిన్న మాటే గాని, దీన్ని మరిచిపోవడం వల్ల ప్రతి ఏడూ కుర్రాళ్ళు ఎంత కష్టం వృథా చేసుకుంటారో గోపాల్‌పూర్ ఒడ్డున చూడొచ్చు. సైన్యం భర్తీకి సిద్ధమయ్యేవాళ్ళు తెల్లవారుజామున ఇసకలో పరుగులు తీస్తుంటారు. ఇసకలో పరుగెత్తడానికి గట్టినేల మీదకంటే దాదాపు ఒకటిన్నర రెట్లు శక్తి ఖర్చవుతుంది. దమ్ము పెరుగుతుంది, నిజమే. కానీ ఇసకలో కాలు దిగబడుతుంది, అడుగు నేలమీద ఎక్కువసేపు ఉంటుంది, నేల తిరిగి తోసే స్ప్రింగు ఉండదు. పరీక్ష జరిగేది ట్రాక్ మీద. అక్కడ కావలసిన చురుకైన అడుగు ఇసక నేర్పదు.

లెక్క చూడండి. 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేయాలంటే ప్రతి 400 మీటర్లకీ 82.5 సెకన్లు. చాలామంది మొదటి చుట్టు 72లో కొట్టేసి, మూడో చుట్టుకి 95కి పడిపోతారు. కాళ్ళలో సత్తా లేక కాదు, ఆ వేగం ఎలా ఉంటుందో ఒంటికి తెలియక. అందుకని వారానికి ఒకరోజు గట్టినేల మీద 400 మీటర్లు 85 నుంచి 88 సెకన్లలో నాలుగుసార్లు, మధ్యలో రెండు మూడు నిమిషాలు నడక. వారం వారం మొదట సార్లు ఆరుకి పెంచి, తర్వాత సమయాన్ని 82కి దించాలి. రెండూ ఒకే వారంలో మార్చకూడదు. ఇంకో రోజు 20 నిమిషాలు ఒకే వేగంతో, కాస్త కష్టంగా. మరో రోజు 5, 6 కిలోమీటర్లు కబుర్లు చెప్పుకోగలిగినంత నెమ్మదిగా. ఈ నెమ్మది పరుగే చాలామందికి చేతకాదు, సిగ్గుగా ఉంటుంది కాబోలు. రోజూ పందెంలా పరుగెత్తేవాడు ఏ రోజూ పందెం వేగాన్ని అందుకోలేడు.

ఇసక కావాలంటే వారానికి ఒకసారి, చెప్పుల్లేకుండా కాదు, బూట్లతో, పది నిమిషాలతో మొదలు. మెత్తటి ఇసకలో మడమ బాగా కిందికి దిగి వెనక స్నాయువు మితిమీరి సాగుతుంది. నీటి అంచున తడి ఇసక గట్టిగా ఉంటుంది గాని ఒకవైపు వాలుగా ఉంటుంది. వెళ్ళినంత దూరం అదే వాలు మీద వెనక్కి రండి, రెండు కాళ్ళకీ సమానం అవుతుంది. ఎముక మీద ఒకేచోట వేలు పెట్టి చూపించగలిగే నొప్పి ఉండి, ఒంటికాలితో గెంతితే అది పొడిచినట్టయితే పరుగు ఆపాలి. అది సన్నటి పగులు కావచ్చు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా, కాబట్టి "ఎక్స్‌రే బాగుంది" అని మర్నాడే పరుగెత్తకండి.

పుల్‌అప్స్ (బారు పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవడం) ఒక్కటీ రానివాళ్ళు వేలాడుతూ కాళ్ళు తన్నుకోవడం కంటే, స్టూలెక్కి గడ్డం బారు పైకి పెట్టి, అయిదు సెకన్లు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగండి. మూడు దిగుళ్ళు, మూడు సెట్లు, వారానికి రెండుసార్లు. ఎక్కడానికి కావలసిన బలం దిగడంలోనే వస్తుంది.

ఇంట్లోనే: పీట, బకెట్టు, బియ్యం సంచి

జిమ్ము తప్పనిసరి కాదు. మనిషి ఒళ్ళు చేసే పనులు లెక్కపెడితే అయిదే: కూర్చుని లేవడం, వంగి ఎత్తడం, తోయడం, లాగడం, మోసుకెళ్ళడం. ఈ అయిదూ వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోటి రెండు మూడు సెట్లు పడితే తాలింఖానా మన ఇంట్లోనే ఉన్నట్టు.

కూర్చుని లేవడం సంగతి కాస్త విడమరిచి చెప్పాలి, ఎక్కువమంది పాడుచేసేది అదే. పాత పద్ధతి బస్కీలో మడమలు లేచి బరువంతా మునివేళ్ళ మీద పడుతుంది. తరతరాలుగా తీస్తున్నారు, అలవాటున్నవాళ్ళకి బాగానే ఉంటుంది. నలభై దాటి, ఇరవై ఏళ్ళుగా కుర్చీ వదలనివాళ్ళ మోకాలి చిప్ప మాత్రం ఒప్పుకోదు. వాళ్ళు ఇలా మొదలెట్టాలి. గోడకి ఒక కుర్చీ ఆనించి పెట్టండి. దాని ముందు నిలబడి పాదాలు భుజాలంత ఎడంగా, వేళ్ళు కొద్దిగా బయటికి తిప్పండి. ముందు మోకాలు వంచకండి, పిర్రలు వెనక్కి పంపండి, చీకట్లో కుర్చీ కోసం వెతుకుతున్నట్టు. రెండు మూడు సెకన్లు తీసుకుంటూ దిగండి. పిర్రలు కుర్చీకి తగలగానే, పూర్తిగా చతికిలబడకుండా, మడమలతో నేలని తొక్కుతూ లేవండి. లేచేటప్పుడు గాలి వదలండి. మోకాలు రెండో కాలివేలి దిక్కుకే పోవాలి. లోపలికి వాలిపోతుంటే, నేలమీదున్న తుండుగుడ్డని రెండు పాదాలతో చెరోవైపు చింపుతున్నట్టు అనుకోండి, దారికొస్తుంది. మడమ లేస్తోందంటే చీలమండ బిగిసిందన్నమాట. మడమ కింద అరంగుళం చెక్క పెట్టుకుని చేస్తూ, విడిగా పిక్కలు సాగదీయండి.

ఎనిమిదేసి మూడు సెట్లు. పన్నెండేసి తేలిగ్గా వచ్చాక కుర్చీ తీసి ఎత్తు స్టూలు, తర్వాత పొట్టి స్టూలు, చివరికి పీట. పీట దాకా వచ్చాక బరువు: స్కూలు సంచీలో రెండు లీటర్ల నీళ్ళసీసా అంటే రెండు కిలోలు. అదే సీసాలో పొడి ఇసక పోస్తే మూడు కిలోల పైచిలుకు. సంచీని వీపున కాకుండా గుండెకి హత్తుకుంటే నడుం దానంతటదే నిటారుగా ఉంటుంది.

వంగి ఎత్తడానికి మన ఇళ్ళలో పరీక్ష గ్యాస్ బండ. నిండుది దాదాపు 30 కిలోలు. నడుం పట్టేసిందని వచ్చేవాళ్ళని అడగండి, సగంమంది దాని పేరే చెబుతారు. బరువు కాదు అసలు దోషి, దూరం. పది కిలోల బకెట్టుని ఒంటికి జానెడు దూరంలో పట్టుకోవడం వేరు, రెండు జానల దూరంలో పట్టుకోవడం వేరు. దూరం పెరిగినకొద్దీ నడుం మీద పడే భారమూ పెరుగుతుంది. వీపు వెంట చీపురుకర్ర పెట్టుకుని సాధన చేయండి. కర్ర తల వెనక, భుజాల మధ్య, పిర్రల మధ్య ఎముకకి, మూడుచోట్లా తగులుతూ ఉండాలి. మోకాలు కొద్దిగా వంచి, పిర్రలు వెనక్కి నెడుతూ ముందుకి వాలండి. కర్ర మూడింట్లో ఎక్కడైనా వదిలిందా, వీపు గుండ్రమైందన్నమాట, అక్కడే ఆగండి. ఇది వచ్చాక కర్ర పక్కన పెట్టి బకెట్టు, తర్వాత 20 లీటర్ల నీళ్ళ డబ్బా, ఆ తర్వాత 25 కిలోల బియ్యం సంచి. కాళ్ళు బరువుకి రెండువైపులా ఉండాలి, ఎత్తిన బరువు ఒంటికి రాసుకుంటూ పైకి రావాలి, ఎత్తుతూ నడుం తిప్పకూడదు. తిరగాలంటే పాదాలు తిప్పండి.

తోయడానికి దండీలు. నేలమీద రానివాళ్ళు గోడకి, తర్వాత వంటగట్టుకి, తర్వాత మంచం అంచుకి, చివరికి నేలకి. లాగడమే ఇంట్లో కాస్త చిక్కు. ఒక చెయ్యి బల్లకి ఆనించి, రెండో చేత్తో నీళ్ళ బకెట్టుని నడుం దాకా లాగడం తేలికైన ఉపాయం. మోచెయ్యి పక్కలకి కాకుండా వెనక్కి పోవాలి. మోసుకెళ్ళడానికి రెండు చేతుల్లో రెండు బకెట్లు, వరండాలో అటూ ఇటూ 40 అడుగులు. అంతే.

మొదలెట్టేముందు అయిదారు నిమిషాలు నడక, చేతులూ తుంటీ గుండ్రంగా తిప్పడం చాలు. బరువులు ఎత్తేముందు నిమిషానికి మించి ఒకే భంగిమలో సాగదీసి ఉంచితే బలం కాసేపు తగ్గుతుంది. ఆ సాగదీతలు చివర్లో పెట్టుకోండి.

గుంటమగ్గం మీద పట్టుచీరలు నేసేవాళ్ళు, కొట్లో గల్లాపెట్టె ముందు కూర్చునేవాళ్ళు "మాకు పొద్దున్నుంచి రాత్రిదాకా పనే, మళ్ళీ కసరత్తేమిటి" అంటారు. నేతలో చేతులకీ పాదాలకీ వేలసార్లు పని పడుతుంది, నిజం. కానీ అంతసేపూ తుంటి మడతపడే ఉంటుంది, వీపు ముందుకి గుండ్రంగానే ఉంటుంది. వాళ్ళకి కావలసింది దానికి తిరగబడ్డ పని: వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి పిర్రలు పైకెత్తడం, బకెట్టు లాగడం, అరగంట ముప్పావుగంటకోసారి లేచి గుమ్మం రెండు పక్కలా చేతులు ఆనించి ఛాతీ ముందుకి చాపడం. కూర్చునే పనికీ తిరిగే పనికీ గుండె విషయంలో ఎంత తేడానో 1953లోనే తేలింది. లండన్ రెండంతస్తుల బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్ల కంటే, సీటుకి అతుక్కున్న డ్రైవర్లకే గుండెజబ్బులు ఎక్కువని జెర్రీ మోరిస్ బృందం చూపించింది.

నడకని ఎలా పెంచాలి

మళ్ళీ చెరువుగట్టుకి వద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం పెద్దలకి వారానికి 150 నుంచి 300 నిమిషాలు మధ్యరకం శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ, వీటితోపాటు కనీసం రెండురోజులు బలం పెంచే పని ఉండాలి. చెరువుగట్టు జనం వదిలేసేది ఈ చివరిదే. మధ్యరకం అంటే మాట్లాడగలరు, పాడలేరు. గట్టిది అంటే నాలుగు మాటలకి ఊపిరి తీసుకోవాలి. పక్కింటి పెళ్ళి సంబంధం మొత్తం ఒక్క గుక్కలో చెప్పేస్తున్నారంటే అది షికారు. అడుగుల్లో అయితే నిమిషానికి వంద దాటాలి. నాడి చూసుకునేవాళ్ళు వయసుని 0.7తో గుణించి 208లోంచి తీసేయండి. 45 ఏళ్ళవాళ్ళకి సుమారు 176. అందులో 64 నుంచి 76 శాతం, అంటే దాదాపు 113 నుంచి 134 మధ్యరకం. బీపీకి నాడి తగ్గించే మాత్రలు వాడేవాళ్ళకి ఈ లెక్క కుదరదు, మాట పరీక్షే నమ్ముకోవాలి.

పెంచడం తేలిక. అయిదు చుట్లలో మూడో చుట్టు మాత్రం వేగంగా. రెండు వారాలకి రెండు చుట్లు. ఆ తర్వాత ఒక నిమిషం జోరు, రెండు నిమిషాలు నెమ్మది. పదివేల అడుగుల మాట శాస్త్రం తేల్చింది కాదు. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరే "పదివేల అడుగుల మీటరు". రెండువేలు నడిచేవాళ్ళు నాలుగువేలకి పెరిగితే అదే పెద్ద లాభం.

పొట్ట తగ్గాలని పొట్ట కసరత్తులు చేయడం దండగమారి పని. కింద కండ గట్టిపడుతుంది, పైన కొవ్వు ఎక్కణ్ణుంచి కరగాలో మన చేతిలో లేదు. 60 కిలోల మనిషి గంటసేపు బాగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 200 కేలరీలు. వస్తూ వస్తూ బండి దగ్గర రెండు గారెలు, ఘుగునీ (బఠాణీల కూర) లాగిస్తే లెక్క సరి. టేపుతో కొలుచుకోండి: మగవాళ్ళకి నడుం 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే మన ప్రాంతపు ఒళ్ళకి ముప్పు మొదలైనట్టే.

ఉక్క, తరవాణి, తిండి

మన తీరం ఎండ కంటే ఉక్క చంపుతుంది. ఒళ్ళు చల్లబడేది చెమట పట్టడం వల్ల కాదు, ఆరడం వల్ల. గాలిలో తేమ నిండి ఉంటే చెమట కారుతుంది గాని ఆరదు, లోపలి వేడి దిగదు. ఏప్రిల్, మే నెలల్లో కొత్తగా మొదలెట్టేవాళ్ళు మొదటి వారం 15, 20 నిమిషాలకి మించకండి. ఒంటికి ఉక్క అలవాటవడానికి పది, పధ్నాలుగు రోజులు పడుతుంది. ప్లాస్టిక్ కోటు తొడుక్కుని పరుగెత్తితే తగ్గేది నీరు మాత్రమే, గ్లాసెడు నీళ్ళతో తిరిగొస్తుంది. ఈలోగా వడదెబ్బ తగలవచ్చు.

ఎంత తాగాలో తెలియాలంటే చేయకముందు, చేశాక తడి బట్టలు విప్పి బరువు చూసుకోండి. కిలో తగ్గితే లీటరు చెమట పోయినట్టు. తర్వాతి రెండు మూడు గంటల్లో దానికి ఒకటింపావు నుంచి ఒకటిన్నర రెట్లు తాగాలి, కాస్త ఉప్పుతో. ఒడియావాళ్ళ తొరాణి, మన తరవాణి (అన్నం పులిసిన నీళ్ళు) ఇందుకు బాగా పనికొస్తాయి, ఉప్పూ నిమ్మరసం పిండుకుంటే ఇంకా మంచిది. గంటకి మించి శ్రమపడి ఉత్త నీళ్ళే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు వస్తాయి. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ఉప్పు సంగతి వాళ్ళ డాక్టరుని అడగాలి.

తిండిలో మనకి లోటు అన్నం కాదు, మాంసకృత్తులు. మామూలు మనిషికి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. బరువులు ఎత్తేవాళ్ళకి 1.2 నుంచి 1.6. అంటే 60 కిలోలవాళ్ళకి 72 నుంచి 96 గ్రాములు. రెండు గుడ్లలో 12, గుప్పెడు పచ్చి కందిపప్పులో 10 పైన, వంద గ్రాముల చేపలో 18 దాకా, యాభై గ్రాముల వేరుశనగల్లో 12, కప్పు పెరుగులో 6, 300 గ్రాముల బియ్యంలో 20. చేరిపోయింది. చేప తిననివాళ్ళకి ఎండు సోయాబడి 50 గ్రాములకి 26 గ్రాములు వస్తుంది, ఇంత చవకైనది ఇంకోటి లేదు. చోడి (రాగి) అంబలి మంచిదే, కాల్షియం ఎక్కువ, కానీ మాంసకృత్తుల కోసం దాన్ని నమ్ముకోకండి. పొద్దున్న ముడీ (మరమరాలు), టీతో సరిపెట్టి రాత్రి ఒక్కసారే కోడికూర తినేకంటే మూడు పూటలా పంచుకుంటే కండకి బాగా అందుతుంది.

అరవై దాటినవాళ్ళు, షుగరున్నవాళ్ళు

ముప్ఫై దాటాక ఏమీ చేయకపోతే కండ పదేళ్ళకి 3 నుంచి 8 శాతం పోతుంది. ఇంట్లో అమ్మమ్మనో తాతనో చేతులు గుండెమీద కట్టుకుని, మామూలు ఎత్తు కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో చూడమనండి. 60 నుంచి 64 ఏళ్ళ మగవాళ్ళు 14, ఆడవాళ్ళు 12 కంటే తక్కువైతే కాళ్ళ బలం తగ్గినట్టు. వాళ్ళకి మందూ అదే కుర్చీ. మొదట చేతులు ఆనించి, తర్వాత ఆనించకుండా. దాంతోపాటు కిటికీ ఊచ పట్టుకుని ఒంటికాలి మీద పది సెకన్లు, వారానికి మూడురోజులు. "ఈ వయసులో బరువులేంటి" అని అడ్డుపడేది చాలాసార్లు పిల్లలే. ఎనభైల్లో మొదలెట్టినా కండకి బలం వస్తుంది.

షుగరున్నవాళ్ళు భోజనం చేశాక పది పదిహేను నిమిషాలు నడిస్తే తిన్నాక పెరిగే చక్కెర బాగా అణుగుతుంది. ఇన్సులిన్ గాని, చక్కెర పడగొట్టే రకం మాత్రలు గాని వాడుతుంటే మొదలెట్టేముందు రక్తంలో చక్కెర చూసుకోండి. 90 కంటే తక్కువుంటే ఒక అరటిపండు తిని బయల్దేరాలి, జేబులో గ్లూకోజో పంచదారో ఉండాలి. బీపీ ఉన్నవాళ్ళు ఊపిరి బిగబట్టి బరువెత్తకూడదు. ఛాతీ బిగుసుకోవడం, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, కళ్ళు తిరగడం, శ్రమకి మించిన ఆయాసం కనిపిస్తే "గ్యాసేమో" అనుకోకుండా అక్కడే ఆపి ఆసుపత్రికి.

మధ్యలో మానేస్తే

బరంపురంలో అమ్మవారి జాతర, ఠాకురాణీ యాత్ర వస్తే నెలపాటు ఊరు ఊరంతా నిద్ర మానేస్తుంది, కసరత్తు మాటే ఉండదు. ఎవరికైనా తప్పదు. అయితే దమ్ము రెండు వారాల్లోనే తగ్గడం మొదలెడుతుంది, బలం మూడు నాలుగు వారాలు ఓపిక పడుతుంది. 1966లో అమెరికాలోని డల్లస్‌లో ఇరవై ఏళ్ళ ఆరోగ్యవంతులు అయిదుగుర్ని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ వాళ్ళనే పరీక్షిస్తే, ముప్ఫై ఏళ్ళ వయసు తీసిన దమ్ము కంటే ఆ మూడు వారాల మంచం తీసిందే ఎక్కువని తేలింది. శుభవార్త ఏమిటంటే, ఒకసారి పెరిగిన కండ రెండోసారి తొందరగా పెరుగుతుంది. పూర్తిగా ఆపేయకుండా వారానికి ఒక్కరోజు, అదే బరువుతో ఒక్కో సెట్టు చేసినా నెలన్నర రెండు నెలలు ఉన్న బలం చాలావరకు నిలబడుతుంది.

తిరిగి మొదలెట్టేటప్పుడు రెండు వారాలు మానేస్తే పాత బరువులో పదో వంతు తగ్గించండి, నెల దాటితే సగంతో మొదలెట్టి రెండు మూడు వారాల్లో పాతచోటికి రండి. జ్వరం వచ్చి తగ్గితే, పూర్తిగా పోయిన రెండురోజుల దాకా నడక తప్ప వేరేది వద్దు. నోటుబుక్కులో పాత పేజీ తెరిచి చూసి, అక్కడున్న అంకెతో పౌరుషానికి పోకుండా, కొత్త పేజీలో చిన్న అంకె వేసుకోండి.